యథాశక్తి ముక్తినాథ యాత్ర

పీట మీద కూర్చుని, ఆచమనం చేసి, చేతిలోకి అక్షతలు తీసుకున్న ప్రతి గృహస్థూ ముందుగా సంకల్పం చెప్పుకుంటాడు. తానున్న చోటు శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదో, అది ఏ సంవత్సరమో, ఏ ఋతువో, ఏ మాసమో, ఏ తిథో, తన గోత్రమేమిటో, తాను కోరే ఫలమేమిటో పలికిన తరువాతనే పూజ ఆరంభమవుతుంది. ఆ వరుసలో చివరికి వచ్చేసరికి ‘యథాశక్తి’ అనే చిన్న మాట ఒకటి ఉన్నది. పురోహితుడు పలికిస్తాడు, యజమాని పలుకుతాడు, ఇద్దరూ దానిని దాటిపోతారు. నలభై ఏళ్లుగా ఎందరి చేతనో ఆ మాట పలికించిన నేను, దాని అర్థాన్ని మాత్రం హిమాలయాలలో, ముక్తినాథుని సన్నిధికి కూతవేటు దూరంలో, ఒక పుష్యమాసపు రాత్రి తెలుసుకున్నాను.

ఈ మధ్య మా ఆలయానికి వచ్చే భక్తులు తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. ‘పంతులుగారూ, నేపాల యాత్ర చేద్దామనుకుంటున్నాం. జనసమ్మర్దం లేని రోజులలో వెళితే స్వామిని తనివితీరా చూడవచ్చు, ఖర్చూ తగ్గుతుంది. ఎప్పుడు వెళ్లమంటారు?’ అని. ప్రశ్న సమంజసమైనదే. అయితే రద్దీ లేని కాలం రద్దీ లేకుండా ఎందుకు ఉన్నదో ముందు తెలుసుకోవాలి. ఆ కారణం తెలిసి వెళ్లినవారికి అది వరం; తెలియక వెళ్లినవారికి పరీక్ష.

క్షేత్ర మహిమ

నేపాలం మనకు పరాయిదేశమనిపించదు. కాఠ్మండూలో పశుపతినాథుని గర్భాలయంలో తరతరాలుగా అర్చన చేస్తున్నది దక్షిణాది నుంచి వెళ్లిన భట్టులే. మన పూజామందిరాలలో ఉన్న సాలగ్రామానికి పుట్టినిల్లు అక్కడి కాళీగండకీ నది. భాగవతం చెప్పిన భరతుడు రాజ్యం విడిచి తపస్సు చేసుకున్న పులహాశ్రమం ఆ గండకీ తీరానిదే. ఒకవైపు 8,167 మీటర్ల ధవళగిరి, మరొకవైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ నిలువుగోడలవలె నిలబడగా, నడుమ లోతైన లోయలో ఆ నది ప్రవహిస్తుంది. ఆ లోయకు ఎగువన, సముద్రమట్టానికి దాదాపు 3,700 మీటర్ల ఎత్తున, అనగా పన్నెండువేల అడుగులకు పైన వెలసినవాడు ముక్తినాథుడు.

శ్రీవైష్ణవులు నూటెనిమిది దివ్యదేశాలలో ఒకటిగా కొలిచే సాలగ్రామ క్షేత్రమిదే. తిరుమంగై ఆళ్వారు దీనికి మంగళాశాసనం చేశారు. ఆలయం వెనుక అర్ధచంద్రాకారపు గోడకు అమర్చిన నూటెనిమిది ధారలు, ముందు రెండు కుండాలు, సమీపాన జలం చెంతనే భూగర్భవాయువుతో నిరంతరం వెలిగే జ్వాలామాయి. బౌద్ధులకు కూడా ఇది పరమ పవిత్ర స్థలం. ఒకే గుడిలో వారు ఒక పేరుతో, మనం మరొక పేరుతో నమస్కరించుకుంటాం. ఏ తగవూ లేదు.

కాలం ఎటువంటిది?

ఆశ్వయుజ కార్తికాలలోనూ, చైత్ర వైశాఖాలలోనూ నేపాలానికి యాత్రికులు, పర్వతారోహకులు వెల్లువగా వస్తారు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. చలి భరించదగినదిగా ఉంటుంది. మిగిలినవి రెండు నిశ్శబ్ద కాలాలు. ఒకటి ఆషాఢం మొదలు భాద్రపదం వరకు వర్షాకాలం. రెండవది మార్గశిరం చివర నుంచి మాఘం వరకు గడ్డకట్టే శీతకాలం. అయితే ఈ నిశ్శబ్దంలో కూడా పండుగలకు మినహాయింపు ఉన్నది. మహాశివరాత్రినాడు పశుపతి ఆలయంలో, శ్రావణ పూర్ణిమనాడు 4,380 మీటర్ల ఎత్తునున్న గోసాయీకుండం దగ్గర ఇసుక వేస్తే రాలని జనం ఉంటారు.

వర్షాకాలంలో ఒక విచిత్రం ఉన్నది. ముక్తినాథం ఉన్న ముస్తాంగ్ ప్రాంతం హిమాలయాలకు ఆవలి పార్శ్వాన ఉన్నందున మేఘాలు అక్కడికి చేరేలోగానే వట్టిపోతాయి. కొండపైన వాన తక్కువే. కాని అక్కడికి చేర్చే దారులు వాన కురిసే చోటనే ఉన్నాయి. కొండచరియలు విరిగి బాట మూసుకుపోవడం, మబ్బు కమ్మి విమానాలు ఆగిపోవడం ఆ రోజులలో సర్వసాధారణం. 2024 ఆగస్టులో, అటువంటి వర్షాకాలంలోనే, పోఖరా నుంచి కాఠ్మండూ వెళుతున్న మహారాష్ట్ర యాత్రికుల బస్సు మర్స్యాంగ్దీ నదిలో పడి 27 మంది అసువులు బాశారు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. వానలో, రాత్రివేళ, ‘ఎలాగైనా రేపటికి చేరాలి’ అనే తొందరతో ఆ కొండదారిలో ప్రయాణించవద్దని చెప్పడానికే.

శీతకాలంలో ఆకాశం నీలమణిలా ఉంటుంది. మంచుశిఖరాలు చేతికి అందేటంత స్పష్టంగా కనబడతాయి. ఆలయంలో పదిమంది ఉంటే ఎక్కువ. నూటెనిమిది ధారల చప్పుడు తప్ప మరొకటి వినబడదు. అర్చకునికి తీరిక ఉంటుంది, అడిగితే స్థలపురాణం చెబుతాడు. ఇదంతా నిజమే. రాత్రివేళ నీరు గడ్డకట్టడం, కొన్ని ధారల అంచులకు మంచు వేలాడడం, స్థానికులలో పలువురు చలికి ఓర్వలేక దిగువకు తరలిపోవడం, అనేక వసతిగృహాలు మూతపడడం కూడా అంతే నిజం. కనుక బస ముందుగా మాట్లాడుకొని, తెరచి ఉంటుందని రూఢి చేసుకొని బయలుదేరాలి.

మంచి కాలంలో వెళితే ప్రమాదమే లేదనుకోవడమూ పొరపాటే. 2014 అక్టోబరు 12న మన విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను ఎవరికి గుర్తులేదు? అదే తుపాను శేషం ఉత్తరానికి సాగి, రెండు రోజులకు ముక్తినాథానికి పైనున్న 5,416 మీటర్ల థొరాంగ్ కనుమ పరిసరాలలో మంచు తుపానుగా విరుచుకుపడింది. 40 మందికి పైగా మరణించారు. యాత్రలకు అతి శ్రేష్ఠమని అందరూ చెప్పే నెల అది! మన సముద్రతీరంలో వీచిన గాలి అంత దూరాన మంచై కురిసింది. కాలాన్ని ఎంచుకోవడం మన వంతు. కాలాన్ని శాసించడం మన చేతిలో లేదు.

ఆ రాత్రి ఏమి జరిగింది?

పదేళ్లకు పైబడిన మాట. పుష్యమాసంలో మా ఊరి నుంచి పద్నాలుగుమందిమి బయలుదేరాం. ఏర్పాటు చేసినవారు ఇచ్చిన కార్యక్రమం ఆరు రోజులది. అందులో ఒక్క పూట కూడా ఖాళీ లేదు. వారిని మాత్రమే తప్పుపట్టలేను. ‘ముక్తినాథంలో రాత్రి నిద్ర చేయాలి, తెల్లవారుజామున నూటెనిమిది ధారల కింద స్నానం చేసి దర్శనానికి వెళ్లాలి’ అని పట్టుబట్టినవాడిని నేనే. పైగా ఆనాడు ఏకాదశి. పచ్చిగంగ కూడా ముట్టనన్నాను.

పోఖరా సుమారు 820 మీటర్ల ఎత్తున ఉన్నది. ఉదయం అక్కడ చిన్న విమానం ఎక్కి, ఇరవై నిమిషాలలో 2,700 మీటర్ల ఎత్తునున్న జోమ్‌సోమ్‌లో దిగాం. అక్కడ ఆగకుండా జీపులెక్కి మధ్యాహ్నానికి ముక్తినాథుని పాదాల చెంత ఉన్న రాణీపౌవా చేరుకున్నాం. ఒక్క పూటలో దాదాపు మూడువేల మీటర్లు ఎక్కామన్నమాట. అంత ఎత్తున ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. ఆ సంగతి శరీరానికి తెలిసింది. నాకు తెలియలేదు.

సాయంత్రానికి తలనొప్పి మొదలైంది. ఉపవాసం వల్లననుకున్నాను. వాంతి అయింది. చలి వల్లననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అందరి చేతా సంకల్పం చెప్పించవలసినవాడిని, నేనే పడుకుంటే నలుగురిలో ఏమి బాగుంటుందనే అభిమానం అడ్డువచ్చింది. రాత్రి ఎనిమిదింటికి అందరూ సహస్రనామ పారాయణకు కూర్చున్నారు. సంకల్పం మొదలుపెట్టాను. హేమంత ఋతువు అనవలసిన చోట నాలుక ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి గ్రీష్మమన్నాను. మూడవసారి ఋతువు కలిసింది కాని, నా గోత్రం నాకు జ్ఞాపకం రాలేదు.

అలసట అనుకొని అందరూ జాలిపడ్డారు. మా మేనల్లుడొక్కడే లేచి వచ్చి, “మామయ్యా, ఈ చాప అంచు వెంట నాలుగడుగులు తిన్నగా నడవండి” అన్నాడు. లేచాను. రెండవ అడుగుకే తూలి గోడను పట్టుకున్నాను. వాడు ఇంకేమీ అడగకుండా జీపు నడిపేవాణ్ణి నిద్రలేపడానికి వెళ్లాడు.

“పొద్దున్నే దర్శనం చేసుకొని దిగుదాంరా. ఇంత దూరం వచ్చి...” అన్నాను.

“దర్శనం స్వామి ఎప్పుడైనా ఇస్తాడు మామయ్యా. మిమ్మల్ని నేను అత్తయ్యకు అప్పగించాలి” అన్నాడు.

ఆ రాత్రే జోమ్‌సోమ్‌కు దింపారు. ప్రాణవాయువు పెట్టారు. తెల్లవారేసరికి నా గోత్రం నాకు తిరిగి వచ్చింది. అక్కడి వైద్యుడు చెప్పిన మాటలు చదువరులందరూ గుర్తుంచుకోవలసినవి. ఎత్తు ప్రదేశంలో తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం మొదటి హెచ్చరికలు. అవి ఉండగా ఇంకా పైకి ఎక్కకూడదు. మాట తడబడడం, నడక తూలడం మెదడు వాపుకు గుర్తు. కదలకుండా కూర్చున్నా ఆయాసం రావడం, దగ్గు రావడం ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదనడానికి గుర్తు. ఈ రెండింటికీ తెల్లవారేదాకా ఆగడమనేది లేదు, ఉన్నపళంగా కిందికి దిగవలసిందే.

మిగిలిన పన్నెండుమందీ మరునాడు దర్శనం చేసుకొని వచ్చారు. వారిలో ఒక పెద్దావిడ ప్రసాదం నా చేతిలో పెట్టి, “ఇంత దూరం వచ్చి మీకే దర్శనం కాలేదు పంతులుగారూ, ఏ దోషమో!” అని నొచ్చుకున్నది. ఆమె మాటలో దురుద్దేశం లేదు. కాని ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది. ఆ బాధే నాచేత శాస్త్రాన్ని మళ్లీ తిరగవేయించింది.

శాస్త్రం ఏమంటున్నది?

మొదట ఉపవాసం సంగతి. నీరు, కందమూలాలు, ఫలాలు, పాలు, హవిస్సు, విప్రుని కోరిక తీర్చడం, గురువు మాట, ఔషధం అనే ఎనిమిదింటి వల్ల వ్రతభంగం కలగదని ధర్మశాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. నీటిని, ఔషధాన్ని శాస్త్రమే అనుమతించగా, పచ్చిగంగ ముట్టనని భీష్మించిన నేను శాస్త్రం కన్నా పెద్దవాణ్ణి కాబోయాను. రక్తపోటుకు, మధుమేహానికి మందులు వాడేవారు యాత్రలో ‘ఈ పూటకు మానేద్దాం’ అనుకోవడం భక్తి కాదు.

ఇక స్నానం. స్నానం ఏడు విధాలు. మంత్రజలం చల్లుకోవడం మాంత్రం. మృత్తికతో చేసేది భౌమం. భస్మంతో చేసేది ఆగ్నేయం. గోధూళి సోకడం వాయవ్యం. ఎండ కాస్తుండగా కురిసిన వానలో తడవడం దివ్యం. నీట మునగడం వారుణం. విష్ణుచింతన మానసం. శక్తి లేనివారికి, రోగులకు, వృద్ధులకు మంత్రస్నాన మానసస్నానాలను విధించిన ఋషులకు మనకన్నా దయ ఎక్కువ. గడ్డకట్టే వేళ అరవై ఏళ్లవారు నూటెనిమిది ధారల కింద పరుగెత్తనక్కరలేదు. ధారాజలం శిరస్సున చల్లుకుంటే చాలును.

మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రకు బయలుదేరుతున్న ధర్మరాజుకు లోమశ మహర్షి చేసిన మొదటి హితవు పరివారాన్ని తగ్గించుకొని తేలికగా బయలుదేరమని. గంధమాదనం ఎక్కేటప్పుడు గాలివాన వచ్చింది, పాండవులు ఆగి తలదాచుకున్నారు. ద్రౌపది సొమ్మసిల్లి పడిపోయింది, ఘటోత్కచుడు వచ్చి మోసుకుపోయాడు. ఆగడాన్ని, మోయించుకోవడాన్ని వ్యాసుడు చిన్నతనంగా చెప్పలేదు. కనుక గుఱ్ఱం మీదనో, మనిషి సాయంతోనో పైకి వెళ్లిన తల్లిదండ్రులు పుణ్యం తగ్గిందని దిగులుపడవద్దు.

చివరగా, దర్శనం కాకుండా దిగిరావడం దోషమా? ఏటా దీపావళి వెళ్లగానే కేదారనాథుని ఆలయం మూసివేస్తారు. ఉత్సవమూర్తిని పల్లకిలో ఊఖీమఠానికి దించి, శీతకాలమంతా అక్కడనే పూజిస్తారు. కాలం అనుకూలించనప్పుడు స్వామియే కొండ దిగి వస్తున్నాడు! ఆయన దిగిరాగా లేని దోషం ఆయన భక్తుడు దిగివస్తే ఎలా కలుగుతుంది? ఆ పెద్దావిడకు అప్పుడు చెప్పలేకపోయిన సమాధానం ఇదే.

గృహస్థులకు నాలుగు మాటలు

నిశ్శబ్ద కాలంలో వెళ్లదలచినవారు శీతకాలపు నడిమధ్యను వదలి, మార్గశిర ప్రారంభాన్ని గాని, ఫాల్గుణాన్ని గాని ఎంచుకుంటే జనం పలుచగా ఉంటారు, చలి కూడా కొంత దయ చూపుతుంది. హృద్రోగం, ఉబ్బసం, రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు వైద్యుని అనుమతి లేకుండా బయలుదేరకూడదు. ఎత్తుకు శరీరాన్ని సిద్ధం చేసే మందులున్నాయి. వాటిని ఇరుగుపొరుగువారు చెప్పారని కాక, తమ వైద్యుడు చెబితేనే వాడాలి. కర్పూరం వాసన చూస్తే ఊపిరి అందుతుందని చాలామంది పొట్లాలు వెంట తీసుకువెళతారు. కర్పూరం హారతికి పనికివస్తుంది, ప్రాణవాయువుకు బదులు కాదు. ఇన్సులిన్ వాడేవారు దానిని గడ్డకట్టనివ్వకుండా ఒంటికి ఆనుకొని ఉండే లోపలి దుస్తులలో పెట్టుకోవాలి.

పోఖరాలో ఒకటి రెండు రోజులు, జోమ్‌సోమ్ లేదా కాగ్‌బేనిలో రెండు రాత్రులు ఆగి ఆ తరువాతనే పైకి వెళ్లాలి. కాళీగండకి ఒడ్డున, ముక్తినాథం నుంచి దిగివచ్చే ఏరు కలిసే చోట ఉన్న కాగ్‌బేని పితృకార్యాలకు ప్రసిద్ధి. కనుక ఆ ఆగడం వృథా కాదు, పితృదేవతలకు తిలోదకాలిచ్చే అవకాశం. వీలైతే ఉదయం పైకి వెళ్లి దర్శనం చేసుకొని, రాత్రి నిద్రకు మళ్లీ కాగ్‌బేనికి దిగిరావడం అందరికీ క్షేమకరం. పొద్దెక్కేకొద్దీ ఆ లోయలో ఈదురుగాలి లేస్తుంది. అందుకే విమానాలు ఉదయం పూటనే తిరుగుతాయి. ఒక రోజు తప్పినా ఆందోళన పడకుండా, కార్యక్రమంలో కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ఆ రెండు రోజులకయ్యే ఖర్చును స్వామి హుండీలో వేసినట్లే భావించండి.

భారతీయులకు నేపాల ప్రవేశానికి వీసా అక్కరలేదు. విమానంలో వెళ్లేవారు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన గుర్తింపు కార్డు గాని దగ్గర ఉంచుకోవాలి, ఆధార్ ఒక్కదానినే నమ్ముకోవద్దు. అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలో అడుగుపెట్టడానికి అనుమతిపత్రం కావాలి. దానిని కాఠ్మండూలోనో పోఖరాలోనో తీసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, బృందంలో ఒకరిని ముందే నియమించుకోండి. ‘దిగుదాం’ అని ఆ ఒక్కరూ అంటే, పెద్దలైనా పండితులైనా ఎదురు చెప్పకూడదన్నది బృందనియమం కావాలి.

రెండేళ్ల తరువాత ఫాల్గుణంలో మా ఇంటావిడతో కలిసి మళ్లీ వెళ్లాను. కాగ్‌బేనిలో రెండు రాత్రులు గడిపాం. మూడవనాడు పైకి వెళ్లేసరికి ఆలయంలో మేమిద్దరం, అర్చకుడు, జ్వాలామాయి వైపు నడుస్తున్న ఒక బౌద్ధ సన్యాసిని తప్ప ఎవరూ లేరు. ఒక్కొక్క ధార దగ్గరా ఆగి, గుక్కెడు నీరు దోసిట పట్టి శిరస్సున చల్లుకున్నాం. నూటెనిమిదీ పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది. తొందరపెట్టేవారు లేరు. సన్నిధిలో నిలబడి సంకల్పం చెప్పుకున్నాను. ఋతువు తప్పలేదు, గోత్రం తప్పలేదు. ‘యథాశక్తి’ అన్న చోట మాత్రం, జీవితంలో మొదటిసారి, ఒక క్షణం ఆగాను.

శక్తి ఉన్నంత మేరకు చేయమని మాత్రమే కాదు, శక్తిని మించి చేయవద్దని కూడా ఆ మాటకు అర్థం. అది సోమరికి సాకు కాదు. శరీరాన్ని ఇచ్చిన స్వామి భక్తునికి విధించిన హద్దు. మంచుకొండల యాత్రకు బయలుదేరే ప్రతి కుటుంబమూ ఇంటి దగ్గర తొలి సంకల్పంలోనే ఆ మాటను మనసుపెట్టి పలకాలని, ముక్తినాథుడు అందరినీ క్షేమంగా తీసుకువెళ్లి, క్షేమంగా ఇంటికి చేర్చాలని ప్రార్థిస్తున్నాను.

శుభం భూయాత్.